లక్క బిరడా

మా బాత్రూములో గులాబీ రంగు టబ్బు ఒకటి ఉంది. పాతబస్తీలోని ఈ హుస్సేనీ ఆలంలో టబ్బు ఉన్న ఇల్లు మాదొక్కటే అని ప్రమాణం చేయలేను గానీ, టబ్బు ఉండి కూడా నేను కాపురానికొచ్చాక ఇరవై రెండేళ్ళ పాటు అందులో ఒక్కరూ స్నానం చేయని ఇల్లు మాత్రం మాదే అయి ఉంటుంది.

దాన్ని మేము కొనలేదు. ఇది రెండు వాటాల పాత ఇల్లు. పై వాటా కట్టించుకున్నాయన గల్ఫ్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడట. అక్కడ ఎవరింట్లో చూశాడో ఏమో, తనకూ టబ్బు కావాలన్నాడట. మా సందులో ఆటో వెనక్కి తిరగాలంటేనే ఇద్దరు దిగి దారి చూపాలి. అలాంటిచోట నలుగురు మనుషులు తాళ్ళు కట్టి దాన్ని బాల్కనీ మీదుగా పైకి లాగారని మేమంతా ఖాలా అని పిలిచే కింది వాటా పెద్దావిడ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆమె లక్క గాజులు చేస్తుంది. కొన్నాళ్ళకు ఆ గల్ఫ్ ఆయన పై వాటా అమ్ముకుని వెళ్ళిపోయాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే మా మామయ్య కొన్నారు. ఇంటితో పాటు టబ్బూ వచ్చింది.

మా అత్తమ్మకు అది టబ్బులా కనిపించలేదు. గులాబీ రంగు హౌజులా, అంటే నీళ్ళ తొట్టిలా, కనిపించింది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలం అది. ఎండాకాలంలో ఆ మాటా నమ్మకం లేదు. నీళ్ళు వచ్చిన రోజు పైపు పెట్టి టబ్బును అంచుదాకా నింపి, మీద చెక్క పలక మూసేది. గిన్నెలకు, బట్టలకు, స్నానాలకు అన్నిటికీ అందులోంచి ముంచుకోవడమే. చుట్టాలు వస్తే టబ్బు చూపించమనేవారు. అత్తమ్మ పలక పక్కకు జరిపి, లోపలి నీళ్ళు చూపించి, మళ్ళీ మూసేది.

ఇక నా తప్పు చెప్పాలి. ఎలాగూ చెప్పాల్సిందే కాబట్టి ముందే చెప్పేస్తాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. జ్యేష్ఠ మాసం, వానలు ఇంకా పడలేదు. మా ఆడబిడ్డ సీమంతం. ఇంటినిండా జనం. నల్లా ముందురోజే వచ్చి పోయింది, మళ్ళీ రేపటిదాకా రాదు. ఉన్న నీళ్ళన్నీ టబ్బులోనే. వంటవాళ్ళకు బకెట్టు నింపుకు రమ్మని నన్ను పంపారు. పలక తీసి వంగితే నీళ్ళ అడుగున సన్నటి పూసల గొలుసు తళుక్కుమంది. మా పుట్టింట్లో చేదబావి. టబ్బు అంటే ఏమిటో, దానికి బిరడా ఉంటుందని, ఆ బిరడాకు గొలుసు ఉంటుందని నాకేం తెలుసు. ఆడబిడ్డ మెడలోది జారిపడిందనుకున్నాను. ఎంత మంచి కోడలినో అందరికీ చూపిద్దామని చెయ్యి పెట్టి గట్టిగా గుంజాను.

గొలుసు వచ్చింది, దాని చివర నల్లటి రబ్బరు బిళ్ళ వచ్చింది. నీళ్ళు సుడి తిరగడం మొదలుపెట్టాయి. బిళ్ళను తిరిగి ఎక్కడ పెట్టాలో అర్థం కాక నీళ్ళలోనే వదిలేసి, తలుపు దగ్గరగా వేసి, ఖాళీ బకెట్టుతో వచ్చేశాను. వంటవాళ్ళు నీళ్ళేవంటే వినబడనట్టు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ముత్తైదువల మధ్య నిలబడ్డాను.

కాసేపటికి లొల్లి మొదలైంది. టబ్బులో చుక్క లేదు. మామయ్య మంచి మనిషే గానీ కోపం వస్తే ముందూ వెనకా చూసే రకం కాదు. అంతమంది ముందే అత్తమ్మను నిలబెట్టి అడిగారు.

"ఏమే, బిరడా సక్కగ పెట్టొస్తలేదా నీకు? ఇంతమంది చుట్టాలను పిలిశి ఇజ్జత్ తీస్తవా?"

అత్తమ్మ తల దించుకుంది. "రబ్బరు నానిపోయింది. చూసుకోలేదు. నాదే తప్పు," అంది.

ఆమె నా వైపు చూడలేదు. నేను ఆమె వైపు చూడలేదు. ఖాలా వాళ్ళింటి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చారు, వంట గట్టెక్కింది, సీమంతమూ అయింది. మామయ్య మాత్రం సాయంత్రం దాకా ఆ మాటే అంటూ తిరిగారు. నేను రెండుసార్లు చెబుదామని వంటింట్లోకి వెళ్ళి, రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

నాలుగు రోజులకు ఆషాఢం వచ్చింది. మొదటి ఆషాఢం కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కాబట్టి మా అన్న వచ్చి తీసుకుపోయాడు. నెల తర్వాత వచ్చేసరికి టబ్బు నిండుగా ఉంది. నీళ్ళ అడుగున నల్లటి బిళ్ళ కనిపిస్తోంది, గొలుసు లేదు. గొలుసు లేని కొత్త బిరడా కొన్నారనుకున్నాను. బతికానురా దేవుడా అనుకుని పలక మూశాను. అప్పటినుంచి టబ్బు కడిగే పని అత్తమ్మదే. నెలకోసారి నీళ్ళన్నీ ముంచి తీసి, గుడ్డతో తుడిచేది. నేను చేస్తానంటే వద్దనేది. నేనూ గట్టిగా అడగలేదు, ఆ అడుగు వైపు చూడాలంటేనే నాకు మనసొప్పేది కాదు.

ఆ తర్వాత ఈ ఇంట్లో ఎన్ని జరగలేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు. మామయ్య పోయారు. గోడకెక్కిన ఆయన ఫొటోకు దండ మార్చేటప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొచ్చేది. చెప్పాల్సింది మామయ్యకు కాదు, అత్తమ్మకు. చెప్పలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఇప్పుడెందుకులే అన్న బద్ధకం. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళు కడుపులో దాచుకుంటే అది చిన్న మాటగా ఉండదు.

నిరుడు నా నడుము పట్టేసింది. ఆఫీసులో రికార్డు సెక్షన్ నాది, ఇన్నేళ్ళు ఫైళ్ళ కట్టలు ఎత్తి దించిన పుణ్యం. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ పావుగంట వేడి నీళ్ళలో కూర్చుంటే మంచిదని, "మీ ఇంట్లో టబ్ లేదు కదా," అని తనే జవాబు చెప్పేసుకుంది. నాకు రోషం వచ్చింది. "ఎందుకు లేదు, ఉంది," అన్నాను.

ఇప్పుడు మాకు కింద సంపు ఉంది, పైన ట్యాంకు ఉంది, మోటారు ఉంది. టబ్బులో నీళ్ళు పట్టిపెట్టాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. అత్తమ్మ అలవాటు మాత్రం పోలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఇప్పటికీ పొద్దున లేవగానే పలక ఎత్తి చూసి, నీళ్ళు ఉన్నాయని నిమ్మళపడి, తర్వాతే చాయ్ తాగుతుంది. ఆమెతో టబ్బు ఖాళీ చేస్తామని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"దాని బొక్క ఎప్పుడో మూసుకపోయింది బిడ్డా," అంది. "అది రాదు. ఎందుకొచ్చిన లొల్లి? వేడి నీళ్ళ సంచి పెట్టుకో నడుముకు, నేను కాగబెట్టిస్త."

"బిరడానే కదా అత్తమ్మా. గుంజితే వస్తది," అన్నాను. గుంజడం అన్న మాట నా నోటి వెంట రాగానే నాకే చెమట పట్టింది. అత్తమ్మ మాత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండిపోయింది.

ఆదివారం మా ఆయనా నేనూ కలిసి పనిలోకి దిగాం. నీళ్ళన్నీ బకెట్లతో తీసి మెట్లు కడిగాం, మొక్కలకు పోశాం. అడుగు బయటపడింది. తూము ఉండాల్సిన చోట నల్లటి గుండ్రటి బిళ్ళ, నున్నగా, పట్టుకోవడానికి అంచు కూడా లేకుండా ఉంది. మా ఆయన చాకుతో గీకి చూశాడు. స్క్రూడ్రైవరు గుచ్చి చూశాడు.

"రబ్బరు రాయిలెక్క అయింది," అని తేల్చాడు.

రబ్బరు పంపుతో గుంజాడు, రాలేదు. దుకాణానికి వెళ్ళి యాసిడ్ సీసా తెచ్చి పోశాడు. ఇల్లంతా దగ్గులు, బిళ్ళకు ఏమీ కాలేదు. ఘాటు తగ్గాక కడిగేసి, "మేస్త్రీని పిలిచి టబ్బే పగలగొట్టిద్దాం. ఆ జాగాల మంచిగ కుర్చీ ఏసుకొని కూసోవచ్చు," అన్నాడు. మా ఆయనకు ఏ పని చేతకాకపోయినా మేస్త్రీ గుర్తొస్తాడు.

నాకు మొండితనం ఎక్కువ. రబ్బరైతే వేడికి మెత్తబడదా అనుకున్నాను. పెద్ద గిన్నె నిండా నీళ్ళు మరగబెట్టి పోశాను. మా ఆయన ముఖం చిట్లించాడు గానీ బిళ్ళ మీద నిగనిగ తగ్గింది. రెండో గిన్నె పోశాను. చీపురు కర్రతో నొక్కితే కొద్దిగా కుంగింది. నా సంబరం చెప్పలేను. మూడో గిన్నె పోసి, నడుము నొప్పి సంగతి కూడా మరిచిపోయి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. బిళ్ళ కిందికి దిగిపోయింది.

"చూసినవా? మేస్త్రీ అంట, మేస్త్రీ," అన్నాను.

గెలిచిన ఊపులో బకెట్టు చన్నీళ్ళు కుమ్మరించాను. గుటగుటమని సగం పోయాయి. తర్వాత నిలిచిపోయాయి. ఇంకో బకెట్టు పోస్తే అదీ నిలిచింది. ఇంతకుముందు కళ్ళకు కనిపించే చోట ఉన్న అడ్డు ఇప్పుడు కర్రకు కూడా అందని చోటికి పోయి కూర్చుంది. ఇనుప తీగ పెట్టి పొడిచాం. పైపు వంపులో ఏదో గట్టిగా తగులుతోంది, కదలడం లేదు. మళ్ళీ వేడి నీళ్ళు పోద్దామంటే పైన చన్నీళ్ళు నిలిచి ఉన్నాయి. నేను మగ్గు విసిరికొట్టాను. మా ఆయన "నేను ముందే చెప్పిన" అన్నాడు. పెళ్ళయిన ఆడవాళ్ళెవరికీ ఆ మాట విన్న తర్వాత ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంత గొడవ జరుగుతుంటే అత్తమ్మ హాల్లో మంచం మీద కూర్చుని ఉంది. ఒక్క మాట అనలేదు. మామూలుగా అయితే చట్నీలో ఉప్పు ఎక్కువైనా పది సలహాలు చెప్పే మనిషి.

మర్నాడు సాయంత్రం ప్లంబర్ భాయ్ వచ్చాడు. లోపల పొడుగాటి స్ప్రింగు తిప్పి బయటికి లాగితే దాని కొసకు నల్లటి ముక్క అంటుకుని వచ్చింది. వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, అగ్గిపుల్ల గీసి అంటించాడు. ముక్క కరిగి సాగింది.

"అక్కా, ఇది రబ్బరు గాదు, మురికి గాదు. లక్క," అన్నాడు. "గాజులకు పెట్టే లక్క. లాడ్ బజార్‌ల గాజులకు పెట్టేది మీరు మోరీకి పెట్టిన్రేంది?"

ముందు అర్థమైంది నా తెలివితక్కువ పని. లక్క వేడికి కరుగుతుంది, చల్లబడితే రాయి అవుతుంది. లక్క గాజులు చేసే ఇంటి పైన ఇరవై రెండేళ్ళు కాపురం చేసి, దాన్ని నేనే మరిగే నీళ్ళతో కరిగించి, పైపు వంపులోకి దింపి, చన్నీళ్ళు పోసి గట్టిపరిచాను. ఇంకోసారి కావాలని చేసినా అంత చక్కగా కుదరదు.

టబ్బు పగలగొట్టాలి, లేదా కింది నుంచి వంపు విప్పాలి అన్నాడు భాయ్. ఆ వంపు ఉన్నది ఖాలా గాజులు చేసే గదిలో, కప్పు కింద. భాయ్, నేను మెట్లు దిగాం.

ఖాలాకు డెబ్భై దాటాయి. చేతులు ఇప్పటికీ ఆగవు. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క సాగదీస్తోంది. సంగతి చెబితే తల ఎత్తి పైపు వైపు చూసింది. భాయ్ స్టూలెక్కి రెంచీతో వంపు మీద కొట్టబోతే అరిచినంత పని చేసింది.

"నక్కో, నక్కో, కొట్టకు. కొడితే పైపు పలుగుద్ది, అది రాదు. లక్కకు వేడి చూపెట్టాలె."

ముందు వంపు అడుగున ఉన్న మూత విప్పించి, నిలిచిన నీళ్ళు బకెట్టులోకి దింపించింది. తర్వాత ఇనుప గరిటెలో నిప్పులు తీసి అతనికి ఇచ్చింది. పైపు పాతకాలపు ఇనుపది కాబట్టి సరిపోయింది. వంపు చుట్టూ నిప్పులు తిప్పుతూ ఉండమంది, ఆగమన్నప్పుడు ఆగమంది. భాయ్ గొణుక్కుంటూ చేశాడు. కాసేపటికి మూత తీసిన చోట నల్లటి ముద్ద మెల్లగా బయటికి వచ్చి వేలాడింది. ఖాలా తను లక్క సాగదీసే చెక్కతో దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"యే తో మేరా హీచ్ కామ్ హై," అంది. ఇది నా చేతి పనే.

"నువ్వెప్పుడు పెట్టినవ్ ఖాలా?" అని అడిగాను. జవాబు నాకు తెలిసినట్టే ఉంది. అయినా అడిగాను.

"నువ్వు మైకే, మీ అమ్మగారింటికి పోయినవ్ గదా, నీ మొదటి ఆషాఢంల. రెండో రోజే నీ సాస్, మీ అత్తమ్మ, వచ్చింది నా తాన. లక్క కాగబెట్టుకోని పైకి రా అన్నది. ఎందుకమ్మా అంటే, మా బహూ చిన్నపిల్ల, తెలియక గొలుసు గుంజింది, మల్ల ఎప్పుడన్న గుంజితే ఆయన ఊకోడు, అసలు గుంజెతందుకే ఏం ఉండొద్దు అన్నది. ఎవరికి చెప్పకు అన్నది. నేను చెప్పలే. ఇప్పుడు నువ్వే తీసుకొచ్చినవ్."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఖాలా లక్క ముద్దను నీళ్ళలో వేసి చల్లార్చింది. భాయ్ స్టూలు మీది నుంచే వంపు మూత బిగించి, టబ్బులో నీళ్ళు వదలమని కేక వేశాడు. మా ఆయన వదిలాడు. నీళ్ళు పైపు గుండా జర్రున జారిపోయాయి.

నేను మెట్లెక్కి పైకి వెళ్ళాను. అత్తమ్మ మంచం మీద అలాగే ఉంది. పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో ఇరవై రెండేళ్ళుగా రకరకాలుగా అనుకున్నదాన్ని, తీరా నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"ఆ రోజు బిరడా గుంజింది నేనే అత్తమ్మా," అన్నాను.

"ఎరుకే బిడ్డా."

"మామయ్య నిన్ను తిడుతుంటే ఊకె నిలబడ్డ."

"అదీ ఎరుకే. నీ చీర కొంగు, చెయ్యి మోచేతి దాక తడిసి ఉండె."

"మరి ఇన్నేండ్లు ఒక్కసారన్న అడగలేదేంది?"

అత్తమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"అడిగితే నువ్వు అబద్ధం చెప్తుంటివి బిడ్డా. కొత్త పిల్లవు, భయానికి కాదంటుంటివి. ఆ అబద్ధం మనిద్దరి నడుమ ఉండిపోతుండె. నువ్వే చెప్తవని ఊకున్న."

ఇంత ఆలస్యం చేస్తాననుకోలేదేమో. ఆ మాట ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

లేచి అల్మారీలోంచి తన పాత పౌడరు డబ్బా తీసింది. అందులో గుండీలు, సూదులు, తెగిన తాళాల గుత్తి. వాటి కింద పూసల గొలుసు, దాని చివర నల్లటి రబ్బరు బిళ్ళ. రబ్బరు ఎండి నెర్రెలిచ్చింది. పారేయబుద్ధి కాలేదట. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని దాచిందట. అది తూముకు పెడితే పట్టలేదు. మా ఆయన పోయి కొత్తది తెచ్చాడు. పాత గొలుసును మాత్రం నేను కొత్త బిరడాకే కట్టించాను.

మర్నాడు సాయంత్రం టబ్బులో వేడి నీళ్ళు నింపారు. అత్తమ్మ మోచెయ్యి ముంచి వేడి చూసి, ఒక చెంబు చన్నీళ్ళు కలిపింది. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు కూడా అలాగే చూసేది. నేను లోపల కూర్చున్నాను. నడుము నిజంగానే హాయిగా అనిపించింది. ఆమె తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది, కాలు జారితే పట్టుకుంటుందట, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. పావుగంట దాకా ఇద్దరం తలుపుకు ఇటూ అటూ ఉండి రేపటి కూర గురించి మాట్లాడుకున్నాం.

బట్టలు మార్చుకుని తలుపు తీశాను. నీళ్ళు అలాగే ఉన్నాయి. అత్తమ్మ లోపలికి వచ్చి టబ్బు వైపు చూసి, "ఎన్ని బిందెల నీళ్ళో," అని నిట్టూర్చింది. గొలుసు నీళ్ళ అడుగున కనిపిస్తోంది. నాకు చెయ్యి ముందుకు రాలేదు.

"నువ్వు గుంజు అత్తమ్మా," అన్నాను.

"నేనెందుకు?" అంది. గోడ పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడింది. "నువ్వే గుంజు. నేను ఈడనే ఉన్న."

వంగి గొలుసు పట్టుకుని గుంజాను.